ఖాళీ గళ్లు: సుగ్గికి వెళ్లొచ్చే పిల్లలున్న ఒక సండే స్కూలు

కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతంలోని ఒక పల్లె క్రైస్తవ సంఘంలో దాదాపు రెండేళ్లు జరిగిన పనిని ఇక్కడ రాస్తున్నాను. ఊరి పేరు, సంఘం పేరు, మనుషుల పేర్లు ఇవ్వడం లేదు. పిల్లలను గుర్తుపట్టడానికి వీలిచ్చే వివరాలు కొన్ని మార్చాను. సండే స్కూలు టీచర్లకు శిక్షణ ఇవ్వడం నా పని. బొమ్మల బోర్డులు, కంఠత వాక్యం (నోటికి నేర్పే బైబిలు వాక్యం) ఆటలు, అభినయ గీతాలు, కథ చెప్పే పద్ధతులు నేర్పుతూ ఊళ్లు తిరుగుతాను. ఈ ఊరికీ అవే నేర్పడానికి వెళ్లాను. అక్కడ కావలసింది మరొకటని తెలియడానికి నాకు తొమ్మిది నెలలు పట్టింది. ఆ తొమ్మిది నెలలు ఎలా గడిచాయో తెలిస్తే ఇలాంటి ఊళ్లో పనిచేసే మరో టీచరుకు అంత కాలం కలిసివస్తుందని వివరంగా రాస్తున్నాను.

నేపథ్యం

ఆదోని దాటి పడమరగా వెళ్తే నల్లరేగడి చేలు, పత్తి, అక్కడక్కడ కంది. కర్ణాటక సరిహద్దు దగ్గర కాబట్టి చాలా ఇళ్లలో తెలుగూ కన్నడమూ కలిసి వినిపిస్తాయి. తుంగభద్ర దిగువ కాలువ కింద తడిసే ఊళ్లు ఆ చుట్టుపక్కల ఉన్నా, ఈ ఊరిది మాత్రం వాన మీద ఆధారపడ్డ సేద్యం. పత్తి తీత అయిపోయాక ఊళ్లో కూలి దొరకదు. సంక్రాంతికి అటూ ఇటూగా కుటుంబాలు మూటాముల్లె సర్దుకొని గుంటూరు వైపు మిరప కోతలకు బయలుదేరతాయి. దాన్ని ఇక్కడ సుగ్గికి పోవడం అంటారు. మేస్త్రి మాట్లాడిన లారీలో బియ్యం మూటలు, జొన్నలు, గిన్నెలు ఎక్కించి, వాటి మీద పిల్లలను కూర్చోబెడతారు. చేల పక్కనే పట్టలతో గుడారాలు వేసుకొని ఉంటారు. ఉగాది దాటాక కొందరు, ఏప్రిల్ చివరికి మిగిలినవారు తిరిగి వస్తారు.

సంఘంలో యాభై కుటుంబాల లోపే ఉంటాయి. ఆదివారం ఉదయం ఎనిమిదింటికి, ఆరాధనకు ముందు సండే స్కూలు జరుగుతుంది. టీచర్లు ముగ్గురు: పాస్టరమ్మ గారు, బట్టలు కుట్టే ఒక సోదరుడు, డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి. పిల్లలు ఆ అమ్మాయిని అక్కా అనే పిలుస్తారు. ముగ్గురికీ పిల్లలంటే ప్రాణం. వాళ్ల శ్రద్ధలో లోపమేమీ లేదని ముందే చెప్పాలి. ఎందుకంటే పిల్లలు తగ్గినప్పుడల్లా సంఘాల్లో మొదటి నింద టీచర్ల మీదే పడుతుంది.

పిలిచిన కారణం

పాస్టరు గారు ఆగస్టులో ఫోను చేశారు. "పిల్లలు నిలవడం లేదమ్మా. ఇప్పుడు నలభై ఆరు మంది ఉన్నారు, జనవరి వచ్చేసరికి మందిరం బోసిపోతుంది. ఏటా ఇదే తంతు. ఏమైనా కొత్త ఆలోచనలు చెప్పండి."

అప్పటికే వాళ్లు చాలా చేశారు. ఒక దాత ప్రొజెక్టరు ఇచ్చారు. అయితే ఉదయం ఎనిమిదింటికి తూర్పు కిటికీల ఎండ నేరుగా గోడ మీద పడి బొమ్మ వెలవెలబోయేది. బొమ్మలు అంటుకొని నిలిచే ఫ్లానెల్ గుడ్డ బోర్డు తెప్పించారు. గోడకు పెద్ద హాజరు చార్టు కట్టారు. ఏడాదికి యాభై రెండు గళ్లు. వచ్చిన ఆదివారం గడిలో బంగారు రంగు నక్షత్రం అంటిస్తారు. నలభై నక్షత్రాలు దాటిన వారికి సండే స్కూలు వార్షికోత్సవంలో స్టీలు టిఫిను డబ్బా బహుమానం. ఆ వార్షికోత్సవం ఫిబ్రవరి చివరి ఆదివారం జరుగుతుంది. నేను ఆ చార్టును చూసి మెచ్చుకున్నాను కూడా. ఫిబ్రవరి అన్న మాట విన్నా అప్పుడు నాకేమీ తట్టలేదు.

మొదటి ప్రయత్నం

పిల్లలకు పాఠం విసుగ్గా ఉంటోంది, అందుకే జారిపోతున్నారు అనుకున్నాను. చాలా ఊళ్లలో అది నిజం కూడా. సెప్టెంబరులో రెండు రోజుల శిక్షణ పెట్టాను. దావీదు జీవితాన్ని పన్నెండు వారాల వరుస కథగా ఎలా చెప్పాలో, ప్రతి వారం ఎక్కడ ఆపితే పిల్లలు వచ్చే వారానికి ఎదురుచూస్తారో నేర్పాను. కంఠత వాక్యానికి ఆటలు నేర్పాను. ఐదు రంగుల మాటలు లేని పుస్తకం చేయించాను. టీచర్లు నేర్పినదానికంటే బాగా చేశారు. డిసెంబరు దాకా తరగతి కళకళలాడింది. జనవరి మూడో ఆదివారం నేను వెళ్లేసరికి పద్నాలుగు మంది ఉన్నారు.

రంగుల పుస్తకం గురించి ఇక్కడే ఒక మాట చెప్పాలి. 1866లో లండన్‌లో స్పర్జన్ అనే ప్రసిద్ధ పాస్టరు నలుపు, ఎరుపు, తెలుపు అనే మూడు పేజీల పుస్తకం గురించి ప్రసంగించారు. పాపానికి నలుపు, క్రీస్తు రక్తానికి ఎరుపు, శుద్ధికి తెలుపు. తర్వాత బంగారు రంగు, ఆకుపచ్చ చేరాయి. చదువురాని పిల్లలకు చక్కని సాధనమని నేను ఎన్నో ఊళ్లలో దాన్ని నేర్పాను. ఆ ఆదివారం అక్క నల్ల పేజీ తిప్పి, "ఇది మన పాపం" అంది. ముందు వరుసలో ఎనిమిదేళ్ల పాప పేజీని చూసి, మోచేయి తిప్పి తన చేతిని చూసుకుంది. వెనక కూర్చున్న పిల్లవాడు ఆ పాప వీపు మీద తట్టి ఏదో అన్నాడు, ఇద్దరు నవ్వారు. పాప చెయ్యి వెనక్కి పెట్టుకుంది. ఆ తర్వాత పాట పాడినప్పుడు కూడా ఆ చెయ్యి ముందుకు రాలేదు. రంగును బట్టి ఆడపిల్లకు పెళ్లి, కట్నం కూడా నిర్ణయమయ్యే ఊళ్లలో పాపం రంగు నలుపని పాప ముఖం మీద చెప్పడం ఎంత బరువో అప్పుడు చూశాను. ఆ వారంతో ఆ పేజీని మానేశాం. చీకటి గది, వెలిగించిన దీపం చూపిస్తే అదే విషయం చెప్పవచ్చు. ఎవరి ఒంటి రంగూ అందులోకి రాదు.

రిజిస్టరు చెప్పిన సంగతి

జూన్‌లో మళ్లీ వెళ్లినప్పుడు కొత్త సాధనాలేవీ తీసుకుపోలేదు. అక్కా నేనూ రిజిస్టరు ముందేసుకొని ఒక మధ్యాహ్నమంతా కూర్చున్నాం. జనవరిలో రాని ముప్పై రెండు మంది పేర్లు ఒక కాగితం మీద రాసి, ప్రతి పేరు ఎదుట ఆ పిల్లవాడు అప్పుడు ఎక్కడ ఉన్నాడో రాయించాను. 23 మంది తల్లిదండ్రులతో సుగ్గికి వెళ్లారు. వలస కుటుంబాల పిల్లల కోసం ప్రభుత్వం నడిపే సీజనల్ హాస్టల్లో ఆరుగురు ఉన్నారు. ముగ్గురు బంధువుల ఊళ్లకు వెళ్లారు. అంటే ఊళ్లో ఉండి విసుగుతో మానేసిన వాళ్లు ఒక్కరూ లేరు. నా సెప్టెంబరు నిర్ధారణ పూర్తిగా తప్పు.

ఇంతవరకు పాస్టరు గారికి తెలిసిందే. వలస పోతే మనమేం చేయగలం అన్నది సంఘం మాట. నేను రెండో ప్రశ్న అడిగాను: సుగ్గి నుంచి అందరూ తిరిగి వచ్చారు కదా, మరి ఈ జూన్‌లో ఎంతమంది వస్తున్నారు? లెక్కిస్తే ఎనిమిది మంది. మిగిలిన పదిహేను మంది ఊళ్లోనే, మందిరానికి రెండు వీధుల దూరంలోనే ఉన్నారు. ఏటా ఆగస్టులో నిండుతున్నది చాలావరకు కొత్తగా చేరిన చిన్నపిల్లలతో. జనవరిలో పోయిన పిల్లల్లో సగానికి పైగా మళ్లీ రావడం లేదు. జనవరిలో ఎందుకు పోతున్నారన్న ప్రశ్నకు మా దగ్గర మందు లేదు. జూన్‌లో ఎందుకు రావడం లేదన్న ప్రశ్న మాత్రం మాదే.

అప్పుడు అక్క ఒక మాట అంది: "కానీ మే నెలలో వి.బి.ఎస్.కు వచ్చారండీ." పేర్లు చూశాం. ఆ పదిహేను మందిలో పన్నెండు మంది సెలవుల బైబిలు బడికి ఐదు రోజులూ వచ్చారు. అదే మందిరం, అవే టీచర్లు, ఆ పిల్లలే. తేడా ఎక్కడుంది? వి.బి.ఎస్.లో చార్టు లేదు. ఏ రోజు కథ ఆ రోజే ముగిసేది. మొదటి రోజు అందరూ ఒక్కచోటే మొదలుపెట్టారు.

పదకొండు ఇళ్లు

ఆ పదిహేను మంది పిల్లలవి పదకొండు ఇళ్లు. అక్కతో కలిసి రెండు సాయంత్రాలు అన్నీ తిరిగాం. ఎందుకు రావడం లేదని పిల్లలను అడగవద్దని ముందే అనుకున్నాం. అలా అడిగితే తప్పు చేసినట్టు తల దించుకుంటారు, లేదంటే వచ్చే వారం వస్తామని చెప్పి తప్పించుకుంటారు. గుంటూరు వైపు ఏం చూశారు, ఎక్కడ పడుకున్నారు, ఏం తిన్నారు అని అడిగాం. పిల్లలు ఎంత చెప్పారో! కాలువలో ఈత, రాత్రి గుడారం మీద వాన, మిరపకాయల మంటకు కళ్లు నలుపుకొని ఏడ్చిన చెల్లెలు. ఒక పిల్లవాడు వేళ్లు చాపి చూపించాడు. గోళ్ల పక్కన చర్మం ఇంకా పొరలు పొరలుగా లేచి ఉంది.

పదేళ్ల పాప ఒకతె మాటల్లో మాటగా, "నా వరుసంతా ఖాళీగా ఉంది అక్కా" అంది. ఏ వరుస అని అక్క అడిగితే, గోడ మీది చార్టు అంది. ఏప్రిల్లో ఒక ఆదివారం వచ్చిందట. తన పేరు ఎదుట పదిహేను గళ్లు ఖాళీగా కనిపించాయి. పక్క వరుసలో నక్షత్రాలు మెరుస్తున్నాయి. దావీదు కథ ఎక్కడో మధ్యలో ఉంది, సౌలు ఎవరో తెలియలేదు. కంఠత వాక్యం చెప్పమని లేపితే నోరు పెగల్లేదు. పాత అనువాదంలోని గ్రాంథిక తెలుగు ఇంట్లో కన్నడం కలిపి మాట్లాడే పిల్లకు ఎలాగూ కష్టం, పైగా పదిహేను వారాల వెనకబాటు. మళ్లీ రాలేదు.

మరో మూడు ఇళ్లలోనూ ఇదే మాట వేరే వేరే విధాలుగా విన్నాం. ఒక తల్లి, "టిఫిను డబ్బాలు పంచేటప్పుడు మా పిల్లలు ఎప్పుడూ ఊళ్లో ఉండరు కదమ్మా" అంది. నిష్ఠూరంగా అనలేదు, ఉన్న సంగతి చెప్పింది.

సండే స్కూలు మొదట ఎవరి కోసం పుట్టిందో నేను ప్రతి శిక్షణలోనూ చెబుతాను. 1780లో ఇంగ్లండులోని గ్లాస్టరులో రాబర్ట్ రైక్స్ అనే పత్రికా ముద్రాపకుడు దాన్ని మొదలుపెట్టింది వారమంతా పనిచేసే పేద పిల్లల కోసం. వాళ్లకు ఖాళీ దొరికేది ఆదివారం ఒక్కటే కాబట్టి ఆదివారం బడి. ఆ రాత్రి బస్సులో కర్నూలు తిరిగి వస్తూ, కూలికి పోయే పిల్లల కోసం పుట్టిన బడిలో కూలికి పోయిన పిల్లలకే చోటు లేకుండా చేశామని నాకు చాలా బాధ కలిగింది.

తప్పిన అడుగులు

జూలైలో పని మొదలుపెట్టాం. వెంటనే మూడు పొరపాట్లు జరిగాయి.

మొదటిది, చార్టును ఒక్కసారిగా తీసేయమన్నాను. పాస్టరు గారు ఆ శనివారమే తీసేశారు. ఆదివారం ఒక పిల్లవాడు ఖాళీ గోడ ముందు నిలబడి ఏడ్చాడు. ఆ ఏడాది ఒక్క వారం కూడా తప్పలేదు వాడు. న్యాయం చేయబోయి మరొకరికి అన్యాయం చేశాను. చార్టును మళ్లీ కట్టి, ఫిబ్రవరి దాకా ఉంచి, మాట ఇచ్చిన బహుమానాలు ఇచ్చేసి, ఆ తర్వాత కొత్త చార్టు మొదలుపెట్టకుండా ఆపాం. ఆ మధ్య నెలల్లో సుగ్గికి వెళ్లిన వారాలకు ఖాళీ గడి వదలకుండా చిన్న లారీ బొమ్మ అంటించేవాళ్లం. ఆ లారీ బొమ్మ పాస్టరమ్మ గారి ఆలోచన. నాకు తట్టలేదు.

రెండోది, ఫోనులో కథలు పంపడం. ఫోను నాన్న దగ్గర ఉంటుంది, నాన్న చేలో ఉంటాడు, రాత్రికి అందరూ అలసిపోతారు. నెల రోజుల్లో ఆపేశాం.

మూడోది కొంచెం వివరంగా చెప్పాలి. వెళ్లే పిల్లలతో పాటు కథ కూడా వెళ్లాలన్నది మా ఆలోచన. ఒక దారానికి కథకొక వస్తువు కట్టాం: గొర్రె ఉన్ని పోగు, గులకరాయి, గోధుమ గింజ, చిన్న గుడ్డ ముక్క. దారం తడిమితే కథలు వరుసగా గుర్తొస్తాయి. పిల్లలకు నచ్చింది. ముందుగా పత్తి తీతకు పక్క మండలం వెళ్లే రెండు కుటుంబాల పిల్లలకు ఇచ్చి చూశాం. రెండు వారాల తర్వాత ఒక అవ్వ మనవడి చేతికి ఆ దారం మూడు చుట్లు చుట్టి, ముడి వేసి, నాకు చూపించింది. "జ్వరం తగ్గిందమ్మా, దేవుని దారం కట్టాను కదా" అంది. ఆ అవ్వను తప్పుపట్టే మనసు నాకు రాలేదు. దారం కట్టి దిష్టి తీసే ఊళ్లో మేం దారం ఇచ్చాం, అది తాయెత్తు అయింది. ఆ ఊళ్లో ఒక వస్తువుకు అప్పటికే ఒక అర్థం ఉంటే, మనం చెప్పే అర్థం దాని మీద నిలవదు. ఒంటి మీద కట్టుకునేది, మెడలో వేసుకునేది, గుమ్మానికి వేలాడదీసేది ఏదీ ఇవ్వకూడదని అప్పుడు నిర్ణయించుకున్నాం.

అగ్గిపెట్టె కథలు

దారం స్థానంలో వచ్చింది అగ్గిపెట్టె. ఈ ఆలోచన కుట్టుపని సోదరుడిది. ఖాళీ అగ్గిపెట్టె లోపలి అరలో పట్టేంత వెడల్పున కాగితం పట్టీ కత్తిరించి, ఆరు మడతలు పెడతాం. ఒక్కో మడత మీద కథలో ఒక్కో ఘట్టాన్ని పిల్లవాడే గీస్తాడు. పట్టీ మొదటి అంచును ఆ అర లోపల అడుగుభాగానికి అంటిస్తాం. అర లాగి, కాగితం చివర పట్టుకుంటే కథ మడత మడతగా బయటికి వస్తుంది. పైన కథ పేరు రాస్తారు. నాలుగు పెట్టెలు నిక్కరు జేబులో పడతాయి. పోయినా మళ్లీ చేసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. టీచరు గీసిన బొమ్మలు అచ్చువేసి ఇద్దామని ఒకరు అన్నారు, నేను వద్దన్నాను. గీస్తున్నంతసేపూ పిల్లవాడు కథను తనలో తాను చెప్పుకుంటాడు. అసలు పాఠం అక్కడే జరుగుతుంది.

కథల ఎంపికకు నేను ఎక్కువ సమయం పెట్టాను. బైబిలు నిండా ప్రయాణాలే. రాయి తలకింద పెట్టుకొని ఆరుబయట పడుకున్న యాకోబు, నీళ్లు అయిపోయి ఎడారిలో కూర్చున్న హాగరు, కరువులో ఏలీయాకు రొట్టె చేసి పెట్టిన సారెపతు విధవరాలు, తప్పిపోయిన గొర్రె, రూతు. వరుస కథలు మానేసి ఇలాంటివి పన్నెండు ఎంచుకున్నాం. ఏ ఆదివారం కథ ఆ ఆదివారమే మొదలై అక్కడే ముగుస్తుంది. పన్నెండూ అయ్యాక మళ్లీ మొదటికి వస్తాం. విన్న పిల్లలకు విసుగు రాదా అని టీచర్లు భయపడ్డారు. రెండోసారి విన్నవాళ్లకు పాత్రలు ఇచ్చి ఆడించాం, ఆ భయం పోయింది. కంఠత వాక్యాన్ని ముందు ఇంటి తెలుగులో చెప్పించి, తర్వాతే గ్రంథంలోని మాటల్లో అందరితో కలిపి పలికించాం. ఒక్కొక్కరిని లేపి అడగడం పూర్తిగా మానేశాం.

ప్రొజెక్టరు పక్కన పెట్టి నీడబొమ్మలు కూడా చేశాం. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కుటుంబాలున్నాయి. మేకతోలును పలచగా గీకి, సన్నని రంధ్రాలు పొడిచి, రంగులు వేసి, తెర వెనక దీపం పెట్టి ఆడిస్తారు. ఆ కళలో వెయ్యో వంతు కూడా మాది కాదు. పాత పెళ్లి పత్రికల అట్టలు, చీపురు పుల్లలు, ఒక తెల్ల పంచె, ఒక టార్చిలైటు. శనివారం చీకటి పడ్డాక మందిరం వరండాలో ఆడితే అవ్వలు, తాతలు కూడా వచ్చి కూర్చున్నారు.

రెండో సుగ్గికి ముందు ఆదివారం, వెళ్లే పిల్లలు ఒక్కొక్కరు నాలుగేసి అగ్గిపెట్టెలు తీసుకున్నారు. వాళ్లకు ఒక్క పనే అప్పగించాం: గుడారాల దగ్గర మీకంటే చిన్నవాళ్లకు అవి విప్పి చూపించండి. వినమని పంపితే పిల్లలు వెనకబడి తిరిగొస్తారు. చెప్పమని పంపితే పని చేసి తిరిగొస్తారు. ఊళ్లో మిగిలిన పిల్లలు ప్రతి ఆదివారం వెళ్లినవారి పేర్లు ఒక్కొక్కటిగా పలికి ప్రార్థన చేశారు.

ఏప్రిల్లో తిరిగి వచ్చినవారితో మొదటి ఆదివారం టీచర్లు పాఠం చెప్పలేదు. వచ్చినవాళ్లే చెప్పారు. ఖాళీ వరుస గురించి చెప్పిన పాపే రూతు పెట్టె విప్పింది. "నయోమి వాళ్ల ఊళ్లో కరువు వచ్చింది. వాళ్లు మోయాబుకు సుగ్గికి వెళ్లారు. అక్కడ నాన్న చనిపోయాడు, అన్నలు చనిపోయారు. యవలు కోతకు వచ్చినప్పుడు నయోమి తిరిగి వచ్చింది. ఊళ్లో ఆడవాళ్లందరూ చూసి, ఈమె నయోమియేనా అన్నారు." అక్కడ ఆగి, మా వైపు చూసి, "మమ్మల్ని కూడా అలాగే చూస్తారు" అంది. సుగ్గి అన్న మాటను సరిదిద్దాలా అని అక్క నా వైపు చూసింది. వద్దని తల ఊపాను. వ్యాఖ్యానాల్లో నేను ఎన్నిసార్లు చదివినా ఆ వాక్యం అంత దగ్గరగా రాలేదు.

ఒక ప్రశ్న

ఇస్సాకు బావుల కథ ఆ పన్నెండింటిలో ఒకటి. మొదటి బావి దగ్గర తగవు, దాని పేరు ఏశెకు. రెండో బావి దగ్గరా తగవు, శిత్నా. మూడోదానికి ఎవరూ తగవు పడలేదు, రహెబోతు. పోట్లాడకుండా తప్పుకొని మళ్లీ తవ్వినవాడి కథగా మేం దాన్ని సిద్ధం చేసుకున్నాం. చెప్పడం అయ్యాక పన్నెండేళ్ల పిల్లవాడు అడిగాడు: "మా నాన్న మూడు బోర్లు వేయించాడు. మూడింట్లోనూ నీళ్లు పడలేదు. ఇస్సాకుకు మూడుసార్లూ పడ్డాయి కదా. మా నాన్నకు ఎందుకు పడలేదు?"

తరగతి నిశ్శబ్దమైంది. ఆ బోర్ల అప్పు తీర్చడానికే ఆ కుటుంబం సుగ్గికి వెళ్తుంది. ప్రార్థన చేస్తే పడతాయని చెప్పడం సులువు. నాలుగో బోరుకు మళ్లీ అప్పు చేస్తే ఆ మాటకు ఎవరు జవాబుదారీ? ఓపిక పట్టమని చెప్పడమూ సులువే. కుట్టుపని సోదరుడు కాసేపు మౌనంగా ఉండి, "నాకు తెలియదు నాయనా. నేను రెండు వేయించాను, నాకూ పడలేదు" అన్నాడు. అంతే. తర్వాత ఆ పిల్లవాడి నాన్న కోసం ప్రార్థించారు. పాఠం ప్రణాళికలో ఆ రోజు ఇంకా ఒక ఆట, ఒక పాట ఉన్నాయి, రెండూ వదిలేశాం. తెలియదని చెప్పడం టీచరుకు చేతకావాలి, దానికీ శిక్షణ ఇవ్వాలి. ఇప్పుడు ప్రతి శిక్షణలోనూ గంటసేపు పిల్లల కష్టమైన ప్రశ్నలతోనే సాధన చేయిస్తున్నాను.

హద్దులు

ఆ పదిహేను మందిలో నలుగురు సంఘానికి చెందని ఇళ్ల పిల్లలు. స్నేహితుల వెంట వచ్చేవారు. ఆ ఇళ్లకు పాస్టరమ్మ గారు స్వయంగా వెళ్లి, ఇక్కడ బైబిలు కథలు చెబుతాం, ప్రార్థన చేస్తాం, మీకు ఇష్టమైతేనే పంపండి అని చెప్పారు. మూడు ఇళ్లవారు సరేనన్నారు, ఒక ఇంటివారు వద్దన్నారు. ఆ పిల్లవాడికి అప్పటికి రెండు కథలు వచ్చు, చాలా బాగా చెబుతాడు. అయినా తల్లిదండ్రుల మాటే చివరి మాట.

సీజనల్ హాస్టలు గురించి తల్లిదండ్రులకు చెప్పడం కూడా ఈ పనిలో భాగంగానే చూశాం. పిల్లల చదువు ఆగకపోవడం మా హాజరు లెక్కకంటే పెద్ద విషయం. రెండో ఏడాది తొమ్మిది మంది హాస్టల్లో ఉన్నారు. అక్కడికే వెళ్లి తరగతి పెడదామని ఒక సంఘ పెద్ద అన్నారు. మేం ఒప్పుకోలేదు. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధ కూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతుంది. హాస్టలుకూ అదే హద్దు అనుకున్నాం. ఊళ్లో ఉన్న అవ్వో తాతో ఆదివారం వార్డెనుకు చెప్పి తీసుకొస్తే వచ్చేవారు, లేకపోతే లేదు.

ఏ గదిలోనూ ఒక్క పెద్దవారే పిల్లలతో ఉండకూడదు, ఎప్పుడూ ఇద్దరుండాలి అన్న నియమం రాసి గోడకు అంటించాం. చార్టు ఉన్న చోటే. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 2012లో వచ్చింది. ఇన్నేళ్లయినా చాలా సండే స్కూళ్లలో ఈ చిన్న నియమం కూడా లేదు. అగ్గిపెట్టెలతో పిల్లల ఫొటోలు కావాలని ప్రొజెక్టరు ఇచ్చిన దాత అడిగారు. పెట్టెల ఫొటోలు పంపాం, పిల్లల ముఖాలు పంపలేదు. పాస్టరు గారికి అది ఇబ్బందికరమైన ఫోను సంభాషణ. అయినా చేశారు.

రెండో జూన్

రెండో ఏడాది సుగ్గికి వెళ్లిన పిల్లలు 21 మంది. జూన్ చివరి ఆదివారానికి తిరిగి వచ్చి కూర్చున్నవారు 17 మంది. అంతకుముందు ఏడాది 23 మందిలో ఎనిమిది. చార్టు తీసేయడం వల్లనా, అగ్గిపెట్టెల వల్లనా, అక్క పదకొండు ఇళ్ల గడప తొక్కడం వల్లనా అని నన్ను అడుగుతారు. ఒకదాన్ని ఎంచమంటే గడప తొక్కడమే అంటాను. అక్క ఆ తర్వాత కూడా ప్రతి నెలా నాలుగు ఇళ్లకు వెళ్తూనే ఉంది.

రాని నలుగురూ పదమూడు, పద్నాలుగేళ్ల మగపిల్లలు. వాళ్లకు అగ్గిపెట్టెలు చిన్నపిల్లల ఆటలా కనిపిస్తున్నాయి. చేలో పెద్దలతో సమానంగా బస్తాలు మోసి వచ్చిన పిల్లవాణ్ని చాప మీద కూర్చోబెట్టి చేతులు ఊపుతూ పాడమంటే ఎలా పాడతాడు? నీడబొమ్మల తెర వెనక పని వాళ్లకు అప్పగించి చూస్తున్నాం. ఇద్దరు శనివారాలు వస్తున్నారు, ఆదివారాలు రావడం లేదు. శనివారం రావడాన్నే ప్రస్తుతానికి రావడంగా లెక్కిస్తున్నాం.

ఇది రాస్తున్నప్పుడు మళ్లీ డిసెంబరు. పత్తి తీత ముగింపుకు వచ్చింది, మేస్త్రులు ఊళ్లోకి వచ్చి వెళ్తున్నారని అక్క ఫోనులో చెప్పింది. ఈసారి వెళ్లే పిల్లలు ఇరవై మంది దాకా ఉంటారట. ఎనభై అగ్గిపెట్టెలు కావాలి. బస్టాండు దగ్గరి టీ కొట్టువాళ్లకు, రెండు కిరాణా కొట్లకు కుట్టుపని సోదరుడు చెప్పి పెట్టాడు. ఇప్పటికి యాభై మూడు చేరాయి.